ఈ రాత ఎవరిది?

మూర్ఛ అంటే మెదడులో ఎక్కడో ఒకచోట పడిన మచ్చ అనే ఊహ మనలో చాలామందికి ఉంది. దాన్ని మందుతో అణిచేస్తేనో, కోసి తీసేస్తేనో జబ్బు అంటని అసలు మనిషి మిగులుతుందని మన ఆశ. ఇప్పటి నాడీశాస్త్రం దీన్ని ఒప్పుకోవడం లేదు. మూర్ఛ మీద పనిచేసే అంతర్జాతీయ వైద్యుల సంఘం 2010లో తన పదజాలాన్ని సవరించుకుంది. మెదడులో ఒక పక్కనే మొదలయ్యే ఫిట్స్‌ని కూడా ఒక బిందువులో కాక, నెట్‌వర్క్‌లలో పుట్టేవిగా చెప్పింది. దానితోపాటే ఒక ప్రశ్న వచ్చిపడింది. జబ్బు అల్లికలోనే ఉంటే, ఆ అల్లికతో ఆలోచించే మనిషి ఎవరు?

మెదడులోని సంబంధాలను రెండు రకాలుగా చూస్తారు. ఒకటి నిర్మాణం, అంటే ఒక భాగం నుంచి ఇంకో భాగానికి పోయే తంతువుల కట్టలు. వాటి వెంబడి నీటి కదలికను ఎమ్మారైతో కొలిచి దారులు గీస్తారు. రెండోది పనితీరు. మనం ఏ పనీ లేకుండా పడుకుని ఉన్నప్పుడు కూడా ఏయే భాగాలు ఒకే లయలో హెచ్చుతగ్గులవుతున్నాయో చూస్తారు. టెంపోరల్ లోబ్ మూర్ఛలో ఈ రెండూ మారతాయి. చాలామందిలో, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్‌లో కణాలు చచ్చిపోతాయి. మిగిలిన కణాల తంతువులు కొత్త చోట్ల మొలకెత్తి తమలో తామే ముడిపడతాయి. ఫిట్స్ పుట్టని దూరపు భాగాల మధ్య దారులు కూడా బలహీనపడతాయి. ఇందులో ఎంత ఫిట్స్ వల్ల, ఎంత మందుల వల్ల అని విడదీయడం కష్టం. చిన్నతనంలోనే ఎడమవైపు మూర్ఛ మొదలైన వాళ్ళలో కొందరికి, మామూలుగా ఎడమన ఉండే భాష కుడివైపుకి కాపురం మారుస్తుంది. అందుకే ఆపరేషన్‌కి ముందు ఆ మనిషి భాష ఏ పక్కన ఉందో పరీక్షించుకుంటారు.

మచ్చను తీసేద్దామన్న ధీమా ఎంతదూరం పోగలదో 1953లో అమెరికాలో తెలిసింది. హెన్రీ మొలైసన్ అనే 27 ఏళ్ళ యువకుడికి రెండువైపులా హిప్పోకాంపస్‌లో చాలా భాగం తీసేశారు. ఫిట్స్ తగ్గాయి. 2008లో చనిపోయేదాకా, కొత్తగా జరిగిన సంగతులు మాత్రం అతనికి దాదాపు గుర్తు నిలవలేదు. ఇవాళ ఒకవైపే, ఎంతో జాగ్రత్తగా చేస్తారు. ఎంతోమందికి ఫిట్స్ లేని జీవితం దొరుకుతోంది కూడా.

నాకు పదకొండో ఏట మొదలయ్యాయి, ఎడమవైపే. నేను చదివిన, ప్రేమించిన, పోట్లాడిన, పిహెచ్.డి. రాసిన మెదడు ఈ మారిన అల్లికే. దీన్ని పక్కకి జరిపితే బయటపడే ఇంకో నేను లేను. ఈ సంగతి నన్నంతగా బాధపెట్టలేదు. బాధంతా దీన్ని అవతలివాళ్ళు వాడుకునే తీరుతోనే. నేను రోజూ డైరీ రాస్తానని విని ఒక డాక్టరు, "ఈ రకంలో అది మామూలేనమ్మా" అంటూ కేసు షీట్ మీద రాసుకున్నాడు. (మా గైడ్ మేడమ్ మాత్రం అయిదేళ్ళూ నేను రాయడం లేదనే గోలపెట్టారు.)

ఆయన మాట వెనక చరిత్ర ఉంది. 1974లో వాక్స్‌మన్, గెష్విండ్ అనే అమెరికన్ వైద్యులు టెంపోరల్ లోబ్ మూర్ఛ ఉన్న కొందరు అదేపనిగా రాస్తారని గమనించి దాన్ని హైపర్‌గ్రాఫియా అన్నారు. తర్వాత మత, తాత్విక విషయాల మీద గాఢమైన ఆసక్తినీ, లైంగికతలో మార్పునీ దాని పక్కన చేర్చారు. ఇవన్నీ కలిపి ఒక లక్షణ సముదాయమన్న వాదనతో చాలామంది విభేదించారు. నన్ను కలవరపెట్టేది ఆ జాబితా. రాయడం, ప్రశ్నించడం, కోరిక. మూర్ఛ లేకపోయినా, స్త్రీలలో "ఎక్కువైతే" జబ్బు కింద జమకట్టేవి ఇవే కదా! దోస్తోయెవ్‌స్కీకి మూర్ఛ ఆయన ప్రతిభ చుట్టూ మరో వెలుగైంది. కేరన్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కి అలా జరగలేదు. 1962లో కాన్వెంటులో చేరిన ఆమె స్పృహ తప్పి పడిపోతుంటే, భావోద్వేగాల మీద అదుపు లేదన్నారు. కాన్వెంటు వదిలాక మానసిక వైద్యులూ కారణాన్ని మనసులోనే వెతికారు. మూర్ఛ అని తేలింది 1976లో. ఆ కబురు తనకిచ్చిన సంతోషాన్ని ఆమె 2004లో తన ఆత్మకథలో రాసింది. ఆమె విషయంలో జబ్బుని మనసన్నారు, నా విషయంలో మనసుని జబ్బన్నారు. రెండుసార్లూ తీర్పు చెప్పింది మేం కాదు.

ఒక వాక్యం ఎలా పుట్టిందో చెప్పినంత మాత్రాన అది రాసినామె చేతిలోంచి పోతుందా? పెద్దవయసులో అక్షరాలు నేర్చుకున్న వాళ్ళ మెదడులోనూ చూపూ భాషా కలిసే తీరు మారుతుంది. ఆమె రాసిన ఉత్తరాన్ని పలకా బలపానిదని ఎవరూ అనరు. అక్షరాలు కోరి నేర్చుకున్నవి, జబ్బు అలా కాదు కదా అనొచ్చు. నిజమే. కానీ మాతృభాషనీ, కులాన్నీ, చిన్నప్పుడు తిన్న దెబ్బల్నీ మనలో ఎవరు కోరుకున్నారు? అవి చేసిన మనుషులమే అయినా మన రాతల కింద మన పేరే పెట్టుకుంటున్నాం. అలాగని మూర్ఛని అస్తిత్వమని అలంకరించలేను. ఫిట్ వచ్చిన రోజు ముందటి సాయంత్రం నాకు మిగలదు. మందు మానను.

1976 సవరణ హిందూ వివాహ చట్టంలో, పదేపదే వచ్చే ఉన్మాదం పక్కనే మూర్ఛని కూడా పెళ్ళికి అడ్డుగా చేర్చింది. తీసేయడానికి 23 ఏళ్ళు పట్టింది, 1999 దాకా. సంబంధాలు చూసేచోట ఆ మచ్చ ఇంకా అలాగే ఉంది. మగపిల్లలవీ దాస్తారు. బయటపడితే పుట్టింటికి తిరిగొచ్చేది మాత్రం ఆడపిల్లే. అందుకే దాచమనే తల్లుల్ని నేను తప్పుపట్టలేను. "వాళ్ళడిగినప్పుడు చూద్దాంలేవే" అంటుంది మా అమ్మ. పోయినసారి వచ్చినవాళ్ళు అడగలేదు. నేనే చెప్పాను, ఏ మందు వాడతానో, ఫిట్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టాలని, చేతిలో తాళాల గుత్తి పెట్టక్కర్లేదని. ఆ అబ్బాయి మందు పేరు ఫోన్‌లో రాసుకున్నాడు. వాళ్ళమ్మగారు కాఫీ గ్లాసు కింద పెట్టి, "మరి ఇంత చదువు ఎలా చదివావమ్మా?" అని అడిగారు.