తల వంచిన కుక్క ఏం ఒప్పుకుంటోంది?

కువైట్‌లోని సబా అల్ సలేం లాంటి చోట్ల ఇళ్లలో పనిచేసే మన కడప, గోదావరి జిల్లాలవాళ్లకు ఒక్కోసారి పెంపుడు కుక్క ఆలనా పాలనా కూడా చూసుకోవాల్సి వస్తుంది. ఓ రోజు దిండు చిరిగి దూది నేలంతా పరుచుకుంటుంది. కుక్క చెవులు వాల్చి, తోక ముడిచి, చూపు పక్కకు తిప్పుకుంటుంది. తప్పు చేసినట్టు దానికే తెలుసని తీర్పు చెప్పేస్తాం. ఆ తీర్పు అన్యాయం. కుక్కల ప్రవర్తనను అధ్యయనం చేసే పరిశోధకురాలు అలెగ్జాండ్రా హొరోవిట్జ్ 2009లో ప్రచురించిన ప్రయోగంలో, వద్దన్న తిండి తిన్నా తినకపోయినా కుక్కల చూపులో తేడా రాలేదు. యజమాని తిట్టినప్పుడే ఆ చూపు ఎక్కువైంది. తినకుండానే తిట్లు పడ్డ కుక్కలు మరింత ముడుచుకుపోయాయి.

తిట్టకముందే తల దించిందిగా అంటారు. నిజమే. కానీ నేలమీద దూది ఉండగా మనిషి వస్తే కేకలు తప్పవని అది ఇదివరకే నేర్చుకుని ఉండవచ్చు. కుక్కకు పశ్చాత్తాపమే లేదని ఈ ప్రయోగం రుజువు చేయలేదు, నేనూ అనను. ఆ చూపు సాక్ష్యంగా చెల్లదు, అంతే. భయం మాత్రం నిజం. మహాభారతం ఆదిపర్వంలో ఆడకుక్క సరమ జనమేజయ మహారాజును నిలదీసింది ఇలాంటి అన్యాయం గురించే: యజ్ఞద్రవ్యాన్ని ముట్టని తన బిడ్డను ఎందుకు కొట్టారని. దానికి భిన్నంగా, ముహమ్మద్ ప్రవక్త చెప్పినట్టు బుఖారీ హదీసులో ఉన్న బాటసారి, దాహంతో తడిమన్ను నాకుతున్న కుక్కను సరిగ్గా అర్థం చేసుకుని, బావిలో దిగి తన తోలు మేజోడుతో నీళ్లు తెచ్చి తాగించాడు. అతను చూసింది దాని నేరాన్ని కాదు, అవసరాన్ని.