కాదనే హక్కు

పోలవరం మాట వచ్చినప్పుడల్లా మన పిల్లల ముందుకు ఒక ప్రశ్న వస్తుంది. లక్షల ఎకరాలకు నీళ్లు వస్తుంటే కొన్ని ఊళ్లు త్యాగం చేస్తే తప్పేమిటి? దీనికి కోపం జవాబు కాదు. దిగువ రైతుకూ నీళ్లు కావాలి. మన ఇంట్లో బల్బూ కరెంటుతోనే వెలుగుతోంది. కాబట్టి నిదానంగా ఆలోచిద్దాం.

ఫిలిప్పీన్స్‌లో చికో నది మీద 1970లలో నాలుగు ఆనకట్టలు కట్టాలనుకున్నారు. కళింగ, బొంతోక్ ఆదివాసుల వరి మడులు, పెద్దల సమాధులు మునిగిపోతాయి. వాళ్లు ఒప్పుకోలేదు. వాళ్ల పెద్ద మక్లీయింగ్ దులాగ్‌ను 1980 ఏప్రిల్ 24న సైనికులు కాల్చి చంపారు. అయినా జనం తగ్గలేదు. చివరికి ఆనకట్టలే ఆగిపోయాయి.

నార్వేలో ఆల్తా నది కథ వేరు. అక్కడ సామీలు రెయిన్‌డీర్ మందలు మేపుకుంటారు. మొదటి ప్రణాళిక ప్రకారం మాసి అనే సామీ గ్రామం మునగాలి. వ్యతిరేకత రావడంతో ఊరిని వదిలేసి ప్రణాళిక మార్చారు. 1979లో సామీలు ఓస్లోలో పార్లమెంటు ఎదుట నిరాహార దీక్ష చేశారు. 1981లో వందలమంది పోలీసులు వచ్చి నిరసనకారులను లాగేశారు. ఆనకట్ట కట్టారు. కానీ ఆ పోరాటం వల్లే సామీల హక్కులు చర్చకు వచ్చాయి. 1989లో సామీ పార్లమెంటు మొదలైంది.

ఒకచోట గెలుపు, ఒకచోట ఓటమి. రెండుచోట్లా అడిగింది ఒక్కటే: మమ్మల్ని అడిగారా?

త్యాగం అంటే మనిషి తన చేత్తో ఇచ్చేది. ఇంకొకరు లాక్కుని దానికి త్యాగమని పేరు పెడితే అది త్యాగం కాదు. నష్టపరిహారం ఎకరాలను లెక్కిస్తుంది, చెట్లను లెక్కిస్తుంది. పెద్దలను పాతిన చోటును, గ్రామదేవతను, ఏ కాలంలో ఏ దుంప ఎక్కడ దొరుకుతుందో తెలిసిన తెలివిని ఏ పట్టికలో రాస్తారు?

ప్రతి ఊరూ కాదంటే దేశంలో ఏదీ కట్టలేం కదా అంటారు. కాదు అనడంతో మాట ముగిసిపోదు, అక్కడే అసలు మాట మొదలవుతుంది. మాసి గ్రామం నిలిచింది అందుకే. కాదు అనే వీలు లేనిచోట అవును అనే మాటకు విలువ లేదు.

మన దేశంలోనూ 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో నియమగిరి గనిపై గ్రామసభలు జరిగాయి. 12 గ్రామసభలూ వద్దన్నాయి. గని ఆగింది.

ఉపాధ్యాయులారా, పిల్లలకు గ్రామసభ అంటే ఏమిటో చెప్పండి. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, కాగితం చదవకుండా సంతకం పెట్టకండి. రేపు ఎవరైనా త్యాగం గురించి మాట్లాడితే మర్యాదగానే అడగండి: ఈసారి మీ ఊరు ఇస్తారా?