గిబియోను కొలను యొద్ద ఆట

ధ్యానభాగము: 2 సమూయేలు 2:12–32; 3:22–39; సామెతలు 20:10



పరిశుద్ధ గ్రంథములో ఆటలను గూర్చిన వృత్తాంతములు మిక్కిలి తక్కువ. ఉన్నవాటిలో ఒకటి రక్తముతో ముగిసినది. సౌలు మరణించిన పిమ్మట ఇశ్రాయేలు జనము రెండు పక్షములైయుండెను. ఒక పక్షమునకు అబ్నేరు సేనాధిపతి, రెండవ పక్షమునకు యోవాబు నాయకుడు. ఇరువురును తమ మనుష్యులను వెంటబెట్టుకొని గిబియోను కొలను యొద్దకు వచ్చి, వారు ఆ తట్టున, వీరు ఈ తట్టున కూర్చుండిరి. పడుచువారు లేచి మన కన్నుల యెదుట ఆడుదురు గాక యని అబ్నేరు అడుగగా యోవాబు సమ్మతించెను. పక్షమునకు పండ్రెండుగురు చొప్పున లేచిరి. ప్రతివాడును తన యెదుటివాని తల పట్టుకొని ప్రక్కలో కత్తి పొడిచెను. ఇరువదినలుగురును ఒక్కచోటనే కూలిరి. ఆ యాటలో గెలిచినవాడు ఒక్కడును లేడు. దాని వెంట పుట్టిన యుద్ధములో ఆ దినమే అబ్నేరు వారిలో 360 మందియు, దావీదు సేవకులలో 19 మందియు, యోవాబు తమ్ముడగు అశాహేలును చనిపోయిరి.

యెరూషలేమునకు వాయవ్య దిశను ఎల్‌జీబ్ అను గ్రామము గలదు. అక్కడ 1956లో అమెరికా పండితుడైన ప్రిచర్డ్ త్రవ్వకములు ప్రారంభింపగా, రాతిని తొలిచి చేసిన గొప్ప కొలనొకటి బయల్పడెను. నీటి వరకు దిగుటకు దానిలో 79 మెట్లు గలవు. గ్రంథములోని కొలను ఇదియే యని అనేకుల అభిప్రాయము. రాతిని తొలిచి నీరు తీయుట యెంత శ్రమయో మన సీమ రైతునకు వేరుగా చెప్పనక్కరలేదు. ఉభయుల దాహము తీర్చు నీటి యొడ్డుననే ఉభయుల రక్తము చిందెను.

ఈ కథను కర్నూలు, కడప ప్రాంతములవారికి వివరించుటకు వ్యాఖ్యానకర్త అవసరము లేదు. ఊరిలో రెండు పార్టీలుండుట, అరుగు మీద మొదలైన మాట పొలము గట్టున పగయగుట, తండ్రి నాటి కక్ష కుమారుని మెడకు చుట్టుకొనుట మన పెద్దలు చూచినవే. మన పడుచువారి వాలీబాల్, కబడ్డి పోటీలలో గీత దాటెను, దాటలేదు అను చిన్న తగవు, పాత కక్ష తోడైనప్పుడు, పెద్ద తగవగుట మనమెరుగుదుము. కనుక ఈ నెల ఒక ప్రశ్న విచారింతము. విశ్వాసి యొక పక్షమును అభిమానించి, దాని గెలుపు కోరి, ఎదుటి పక్షముతో పోటీపడవచ్చునా? లేక ఇదంతయు లోకసంబంధమని విడిచిపెట్టవలెనా?

ఈ ప్రశ్నకు ఫుట్‌బాల్ ఆట మంచి అద్దము. మన పల్లెలలో ఆ యాట ఆడువారు కొద్దిమందియే గాని, ప్రపంచ కప్పు వచ్చినప్పుడు టీవీ యెదుటనో ఫోను పట్టుకొనియో రాత్రులు మేలుకొనువారు మన యింటి పిల్లలలోను ఉన్నారు. లోకములో మరి ఏ యాటకును ఇంతమంది అభిమానులు లేరు. అభిమానము ముదిరి పగయైనప్పుడు ఏమగునో కలకత్తా నగరము చూచెను. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్లు ఆడుచుండగా ప్రేక్షకులలో కలహము పుట్టి, త్రొక్కిసలాటలో 16 మంది మరణించిరి. ఆట చూచి రాత్రికి ఇల్లు చేరుదుమని బయలుదేరినవారు వారు. తరువాత ఆ దినమున వారి జ్ఞాపకార్థము రక్తదాన శిబిరములు జరుపుట అక్కడ ఆచారమైనది. అట్లు ఇచ్చిన రక్తము ఏ జట్టువానిదని రోగి అడుగడు.

ఇట్టివి చూచి, పోటీయే పాపమని కొందరందురు. మేము అట్లనుకొనము. తన ఊరిని, తన బడిని, తన దేశమును ప్రేమించుట దేవుడు మనుష్యుని హృదయములో నుంచిన స్వభావమే. అపొస్తలుడైన పౌలు పరుగుపందెములో పరుగెత్తువానిని, ముష్టియుద్ధము చేయువానిని ఆత్మీయ జీవితమునకు పోలికగా వాడుకొనెను (1 కొరింథీయులకు 9:24–27). పక్షము గలిగియుండుటలో దోషము లేదు. రెండు తూనికరాళ్లు గలిగియుండుటలోనే దోషమున్నది. కొనునప్పుడొక రాయి, అమ్మునప్పుడొక రాయి సంచిలో దాచుకొను వర్తకుని దేవుడు అసహ్యించుకొనునని సామెతల గ్రంథము బోధించుచున్నది. సంతలో వేరుసెనగ కాయలు అమ్మబోయి తూకములో మోసపోయిన రైతునకు ఈ మాట బాగుగా తెలియును. అయితే ఆ రైతే ఆట చూచునప్పుడు తన జట్టు తప్పును ఒక రాతితోను, ఎదుటి జట్టు తప్పును మరియొక రాతితోను తూచును.

వివాదమైన ఆటలలో ఈ సంగతి స్పష్టముగా కనబడును. 1966 జూలై 30న లండనులో ప్రపంచ కప్పు తుదిపోటీ జరిగెను. ఇంగ్లాండు ఆటగాడు హర్స్ట్ కొట్టిన బంతి పై కమ్మికి తగిలి నేలను పడెను. గీత దాటెనా లేదా యన్నది నేటికిని తగవే. లైన్స్‌మన్ మాట మీద గోలు ఇయ్యబడెను. ఇంగ్లాండు 4–2తో పశ్చిమ జర్మనీని గెలిచెను. 1986 జూన్ 22న మెక్సికోలో అర్జెంటీనా ఆటగాడు మారడోనా ఇంగ్లాండు మీద చేతితో బంతిని గోలులోనికి నెట్టెను. రెఫరీ చూడలేదు, గోలు నిలిచెను, ఇంగ్లాండు 2–1తో ఓడెను. 2010 జూన్ 27న దక్షిణాఫ్రికాలో ఇంగ్లాండు ఆటగాడు లాంపార్డ్ కొట్టిన బంతి గీతకు బాగుగా లోపల పడినను గోలు ఇయ్యబడలేదు. జర్మనీ 4–1తో గెలిచెను.

ఈ మూడును ఒక్కటే కావు. మొదటిదియు మూడవదియు తీర్పరి కంటికి సంబంధించినవి. రెండవది ఆటగాని చేతికి సంబంధించినది. అయినను అభిమానుల మాటలు వినుడి. తమకు లాభమైనది అదృష్టము, తమకు నష్టమైనది అన్యాయము! 2014 ప్రపంచ కప్పు నుండి బంతి గీత దాటెనో లేదో చెప్పు యంత్రములు వచ్చినవి. అవి బంతి స్థానమును చూపగలవు గాని, మన సంచిలోని రెండవ రాయిని తీసి పారవేయలేవు.

దానిని తీసి పారవేసిన మనుష్యుడొకడు కనబడుచున్నాడు. 2012 సెప్టెంబరులో ఇటలీలో లాజియో జట్టు నాపోలితో ఆడుచుండగా, లాజియో ఆటగాడగు జర్మనీ దేశస్థుడు క్లోజె గోలు చేసెను. రెఫరీ దానిని అంగీకరించెను. అయితే బంతి తన చేతికి తగిలినదని క్లోజె తానే రెఫరీతో చెప్పగా, గోలు కొట్టివేయబడెను. ఎదుటి జట్టువారు వచ్చి అతనిని అభినందించిరి. ఆ యాటలో అతని జట్టు 3–0తో ఓడిపోయెను. సత్యము చెప్పినందుకు ఆ సాయంకాలము అతనికి గెలుపు దొరకలేదు. ఈ సంగతి మన పిల్లలకు దాచక చెప్పవలెను. నిజము పలికిన ప్రతివాడును ఆ దినమే గెలుచునని బోధించినయెడల, ఓడిన మరునాడు వారు నిజమును విడిచిపెట్టుదురు. నియమము చొప్పున పోరాడినవానికే కిరీటమని పౌలు తిమోతికి వ్రాసెను (2 తిమోతికి 2:5). ఆ కిరీటమును ఇచ్చువాడు ప్రేక్షకుల కేకలను బట్టి తీర్పు తీర్చడు.

మన తెలుగువారికి సమీపమైన యొక సంగతి కూడ గలదు. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో ఆసియా క్రీడల ఫుట్‌బాల్ తుదిపోటీలో మన దేశము దక్షిణ కొరియాను 2–1తో గెలిచెను. ఆ జట్టును తర్ఫీదు చేసినవాడు హైదరాబాదు వాసియైన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన మొదట బడిపంతులు. అప్పటికే క్యాన్సరుతో బాధపడుచుండి మరుసటి సంవత్సరము మరణించెను. గోలు కాచినవాడు హైదరాబాదున పుట్టిన పీటర్ తంగరాజ్. సికింద్రాబాదు వాడైన తులసీదాస్ బలరామ్ కూడ ఆ జట్టులోనివాడే. ఇశ్రాయేలు, తైవాను దేశములవారిని ఆ క్రీడలకు రానియ్యనందుకు భారత ప్రతినిధియొకడు అభ్యంతరము చెప్పెను. అందువలన అక్కడి జనులు మనవారి మీద మిక్కిలి కోపముతో ఉండిరి. మైదానము నిండిన ఆ జనసమూహము మనవారికి విరోధముగా కేకలు వేసెను. అప్పుడు మనవారి పక్షమున చప్పట్లు కొట్టినవారెవరు? ఆ క్రీడలలోనే హాకీ తుదిపోటీలో మన దేశమును ఓడించిన పాకిస్తాను ఆటగాండ్రని మన ఆటగాండ్రు తరువాత జ్ఞాపకము చేసికొనిరి. హాకీలో మనలను గెలువవలెనని వారు బలమంతయు పెట్టి ఆడిరి. అది వారి ధర్మము. అయినను తమతో పోటీపడినవానిని పొరుగువానిగా చూచుట వారు మరువలేదు. సమరయుని ఉపమానము ఎరిగిన మనకు ఇది క్రొత్త పాఠమా?

ఇక్కడ మీలో కొందరు అడుగుదురు: “అయ్యగారూ, ఎదుటివాడు నియమము తప్పినప్పుడు మేము మాత్రము పాటించి నష్టపోవలెనా? మా తలలు పగులగొట్టినవానిని ఊరకుండి చూడవలెనా?” ఈ ప్రశ్నను మేము తేలికగా తీసికొనము. కక్షలలో భర్తలను పోగొట్టుకొన్న స్త్రీలు మన సంఘములలో ఆరాధనకు వచ్చుచున్నారు. వారి యెదుట తేలిక మాటలాడుట తగదు. అన్యాయమును అన్యాయమని పలుకకూడదని వాక్యము బోధింపలేదు. పౌలు తన హక్కునుబట్టి కైసరు ఎదుట చెప్పుకొందునని అడిగెను. తప్పు జరిగినప్పుడు రెఫరీతో చెప్పవచ్చును, పెద్దలతో చెప్పవచ్చును, న్యాయస్థానమునకు పోవచ్చును. అయితే ఫిర్యాదు చేయు నోటితోనే మన పక్షపు తప్పును కూడ ఒప్పుకొనవలెను. మనవాడు కొట్టినది పౌరుషము, వాడు కొట్టినది దౌర్జన్యము అన్నంతకాలము పగ ఆరదు. అబ్నేరు అశాహేలును చంపెను. ఆ పగను మనస్సున దాచుకొని యోవాబు హెబ్రోను గుమ్మములో అబ్నేరును ఏకాంతముగా మాటలాడువానివలె ప్రక్కకు తీసికొనిపోయి పొడిచెను. కొలను యొద్ద మొదలైన ఆట అక్కడికి వచ్చెను.

సంఘములోను ఈ రెండు రాళ్లు లేవనగలమా? 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్ సంఘములలో అనేకములు అందులో చేరక విడిగా నిలిచినవి. తరువాతి కాలమున చేరినవి. ఉభయులును ఒకే ప్రభువును ఆరాధించినవారే. నేడును కమిటీ ఎన్నికలు వచ్చినప్పుడు, మన వర్గపువాడు లెక్క చూపనియెడల మరచిపోయెననియు, ఎదుటి వర్గపువాడు చూపనియెడల దొంగయనియు అనుచున్నాము. మైదానములో నేర్వని న్యాయము మందిరములో అకస్మాత్తుగా రాదు.

కాబట్టి క్రిస్మసు ఆటలు జరిపించు యౌవనులకు మూడు మాటలు చెప్పుచున్నాము. వీధికొక జట్టు, వర్గమునకొక జట్టు కట్టక, ఉభయులను కలిపి జట్లు కట్టుడి. బంతి మీ చేతికి తగిలినయెడల రెఫరీ అడుగకమునుపే చెప్పుడి. ఆట ముగిసిన పిమ్మట గెలిచినవారు ఓడినవారికి అన్నము వడ్డింపుడి. ఇవి చిన్న సంగతులే. అయితే ఎదుటి జట్టువానికి వడ్డించిన చేయి రేపు ఎదుటి పార్టీవాని మీద కట్టె యెత్తుటకు కొంచెము జంకును.

అబ్నేరు చనిపోయినప్పుడు దావీదు ఏమి చేసెనో చదువుడి. తనకు విరోధముగా యుద్ధము నడిపించిన ఆ సేనాధిపతి పాడె వెంట రాజు నడిచెను, సమాధి యొద్ద ఏడ్చెను, ఆ దినము ప్రొద్దు గ్రుంకువరకు భోజనము ముట్టలేదు. తన పక్షపువాడైన యోవాబు చేసినది తప్పని జనులందరు వినునట్లు చెప్పెను. రాజు చేతిలో ఒక్క తూనికరాయియే యుండెను. జనులందరు దానిని గమనించి సంతోషించిరని వ్రాయబడియున్నది.

దావీదు కుమారుడైన మన ప్రభువు ఆ యొక్క రాతిని మన చేతికిచ్చి, రెండవదానిని పారవేయు ధైర్యమును మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.