వేలిముద్ర

‘వేలిముద్రగాళ్లు’ అన్నది మనకు తిట్టు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత తరగతులు నడిచినప్పుడు మా పెద్దమ్మ నలభై దాటాక తన పేరు రాయడం నేర్చుకుంది. ఆ తరగతుల్లోంచే 1992లో సారా వ్యతిరేక ఉద్యమం లేచింది. ఇక వేలికి సిరా పూసుకునే పని లేదని ఆమె ఎంత మురిసిందో!

ఇప్పుడు రేషన్ షాపులో మిషన్ ఆమె సంతకం అడగదు, వేలే అడుగుతుంది. ఆ వేలికి గీతల్లేవు. నాట్లు, కలుపులు, బూడిదతో తోమిన అంట్లు, రోట్లో నూరిన పచ్చళ్లు వాటిని అరగదీశాయి. మూడుసార్లు పెట్టినా మిషన్ ఒప్పుకోలేదు. “వేలు పడలేదు పెద్దమ్మా, రేపు రా” అన్నాడు డీలర్. ఊరంతా ఎరిగిన మనిషి ఎదురుగా నిలబడితే ఆమె ఆమేనని తేల్చాల్సింది మిషనా?

కంటిపాప ఉంది, ఓటీపీ ఉంది అంటారు. ఆమె కళ్లకు శుక్లాలు. ఫోను కొడుకు జేబులో. (పొలం కాగితాల్లో లేని పేరు ఫోను నంబరుకు మాత్రం ఉంటుందా?) ముద్ర పడలేదని అర్హులకు దక్కాల్సింది ఆగకూడదని 2018 ఆధార్ తీర్పులో సుప్రీంకోర్టు అన్నది. ఆ మాట మా ఊరి దాకా రాలేదు.

దొంగకార్డులను అరికట్టాలన్న వాదనను నేను తోసిపుచ్చను. దొంగ కాదని రుజువు చేసుకునే భారం ఎవరి మీద పడిందన్నదే నా పేచీ. ఆమె చాకిరీని ఏనాడూ పనిగా లెక్కించని మనం, ఆ చాకిరీ చెరిపిన గీతలను మాత్రం ఆమె లోపంగా లెక్కిస్తున్నాం.

మొన్న వెళ్లినప్పుడు నా డైరీ వెనక పేజీలో సంతకం పెట్టి చూపించింది. ఒక్క అక్షరం వంకరపోలేదు.

“దీన్నెవరూ అడగడంలా” అంది.