ఎవరు చేసిన పాపం?

1949 ఫిబ్రవరిలో రమణ మహర్షి ఎడమ మోచేతి దగ్గర పుట్టిన చిన్న కణితిని డాక్టర్లు కోసి తీశారు. అది మళ్ళీ పెరిగింది. సార్కోమా అనే క్యాన్సర్ అని తేలింది. తర్వాత ఇంకా కోతలు పడ్డాయి, రేడియం చికిత్స జరిగింది. 1950 ఏప్రిల్ 14న అరుణాచలంలో ఆయన దేహం చాలించారు. అంతకు సుమారు అరవై నాలుగేళ్ళ ముందు, 1886 ఆగస్టు 16న, కలకత్తా శివార్లలోని కాశీపూర్ తోట ఇంట్లో రామకృష్ణ పరమహంస గొంతు క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఈ ఇద్దరి పటాలూ తెలుగువాళ్ళ పూజగదుల్లో కనిపిస్తాయి. వాళ్ళు పాపం చేసుకున్నారు కాబట్టి ఆ జబ్బు వచ్చిందని ఎవరూ అనరు. అదే పక్కింటావిడకి రొమ్ములో గడ్డ తేలితే మాత్రం ఆ మాట తేలిగ్గా నోట్లోంచి వచ్చేస్తుంది: ‘ఏ జన్మలో ఏ పాపం చేసుకుందో!’

అన్నవాళ్ళకి అది జాలి. విన్నావిడకి తీర్పు.

క్యాన్సర్ నుంచి బయటపడ్డవాళ్ళ సంఖ్య ఇప్పుడు పెరుగుతోంది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అయ్యాక ఇంటికి వచ్చి ఏళ్ళ తరబడి బతుకుతున్నారు. ఆ బతుకు ఎలా ఉంటుందో చూడాలి. చంకలోని గ్రంథులు తీసేసిన వైపు చెయ్యి ఎప్పుడైనా వాచిపోవచ్చు. నిండు బకెట్ ఎత్తాలంటే భయం, ఆ చేతికి సూది వేస్తామంటే భయం. మెడ మీద రేడియేషన్ పడినవాళ్ళకి నోట్లో తడి ఆరిపోతుంది. ముద్ద ముద్దకీ నీళ్ళు తాగాలి. ఆవకాయ అన్నం కలుపుకునే యోగం లేదు. కొన్ని కీమో మందుల వల్ల వేళ్ళు తిమ్మిరెక్కి చొక్కా బొత్తాం పెట్టుకోవడమే పెద్ద పనవుతుంది. చెకప్ తేదీ దగ్గరపడితే ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. ఇన్ని మోస్తున్న మనిషి నెత్తిన పూర్వజన్మ పాపాన్ని కూడా పెట్టడం క్రూరం. పెట్టేవాళ్ళకి ఆ సంగతి తెలియకపోవచ్చు గానీ, మోసేవాళ్ళకి బరువు తగ్గదు.

కర్మ సిద్ధాంతాన్ని తీసిపారేయమని కాదు ఇక్కడ చెప్పేది. ‘నా కర్మ ఇది, అనుభవించి తీర్చుకుంటాను’ అని రోగి తనంతట తాను అనుకుంటే అందులో ఒక నిబ్బరం ఉంది. ‘నాకే ఎందుకు’ అన్న ప్రశ్న నుంచి ఆ రాత్రికి విడుదల ఉంది. దాన్ని లాక్కునే హక్కు ఎవరికీ లేదు. చిక్కల్లా అదే మాటని పక్కవాడు అన్నప్పుడు. అప్పుడది సాయం చేయనక్కర్లేదని చెప్పే సాకు అవుతుంది. ఎవరి కర్మ వాళ్ళదైతే మన పూచీ ఏముంది?

మన శాస్త్రాలే ఈ సాకుని ఒప్పుకోలేదు. చరక సంహిత విమానస్థానం మూడో అధ్యాయంలో అగ్నివేశుడు తన గురువు ఆత్రేయుణ్ణి సూటిగా అడుగుతాడు: మనిషి ఆయుష్షు ముందే నిర్ణయమై ఉందా, లేదా? వెనకటి జన్మల కర్మ అయిన దైవం, ఈ జన్మలో చేసే ప్రయత్నమైన పురుషకారం, ఈ రెంటి బలాబలాల మీద ఆయుష్షు ఆధారపడుతుందని గురువు చెబుతాడు. బలమైన ప్రయత్నం బలహీనమైన దైవాన్ని ఓడించగలదంటాడు. అంతా ముందే రాసిపెట్టి ఉంటే మందులూ మంత్రాలూ పథ్యాలూ ఎందుకని ఎదురు వాదిస్తాడు. వైద్యగ్రంథం అలా వాదించక తప్పదు. తలరాతకే అన్నీ వదిలేస్తే వైద్యుడికి పనే లేదు.

బుద్ధుడు ఇంకో అడుగు ముందుకు వేశాడు. మోళియ సీవకుడనే పరివ్రాజకుడు ఆయన దగ్గరికి వచ్చి, మనిషికి కలిగే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ ఫలమేనని కొందరు అంటున్నారు, నిజమేనా అని అడిగాడు. బుద్ధుడు కాదన్నాడు. పిత్తం, కఫం, వాతం, ఋతువుల మార్పు, దెబ్బలు తగలడం వంటి కారణాలు వరుసగా చెప్పి, కర్మఫలాన్ని ఆ జాబితాలో ఒకటిగా మాత్రమే చేర్చాడు. మాట దగ్గర ఆగిపోలేదు కూడా. ఒకసారి విహారంలో ఒక భిక్షువు విరేచనాలతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. అతను ఎవరికీ ఏ పనీ చేసిపెట్టడు కాబట్టి మిగతావాళ్ళు పట్టించుకోలేదట. బుద్ధుడు ఆనందుణ్ణి నీళ్ళు తెమ్మన్నాడు. ఇద్దరూ కలిసి ఆ భిక్షువుని కడిగి, ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. నాకు సేవ చెయ్యాలనుకునేవాడు రోగికి సేవ చెయ్యాలి అన్న అర్థంలో అప్పుడు ఆయన చెప్పిన మాట వినయపిటకంలో ఉంది.

బైబిల్లో జబ్బుపడ్డ యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు మొదట చేసిన పని ఎంతో గొప్పది. ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు మాట్లాడకుండా అతని పక్కన నేల మీద కూర్చున్నారు. తర్వాత నోరు తెరిచారు, నువ్వేదో తప్పు చేసే ఉంటావని వాదించడం మొదలెట్టారు. గ్రంథం చివర దేవుడు కోపగించింది యోబు స్నేహితుల మీద. యోహాను సువార్తలో పుట్టుగుడ్డిని చూసిన శిష్యులు, పాపం ఇతనిదా, కన్నవాళ్ళదా అని అడిగితే యేసు రెండూ కాదన్నాడు. రోగిని చూడబోవడం సాక్షాత్తూ దేవుణ్ణి చూడబోవడమేనన్న భావం మత్తయి సువార్తలోనూ ఉంది, ముస్లిములు ప్రామాణికంగా భావించే హదీసులోనూ ఉంది.

మరి కారణం వెతకకూడదా? తప్పకుండా వెతకాలి. ఉత్తరాంధ్ర తీరంలో కొందరు ఆడవాళ్ళకి చుట్టని నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు ఉంది. అడ్డపొగ అంటారు. ఆ వేడికీ పొగకీ అంగిలి మీద క్యాన్సర్ వస్తుందని పరిశోధకులు దశాబ్దాల కిందటే తేల్చారు. ఆ సంగతి ఊరూరా చెప్పాలి, మాన్పించాలి. కానీ జబ్బు వచ్చేసిన అవ్వ దగ్గర కూర్చుని ‘కాల్చావుగా, అనుభవించు’ అనడం వైద్యమూ కాదు, ధర్మమూ కాదు. పైగా చాలా క్యాన్సర్లకి వేలెత్తి చూపించడానికి ఏ అలవాటూ ఉండదు. కణం విడిపోయేటప్పుడు డీఎన్ఏ నకలులో దొర్లే పొరపాట్లు కూడా క్యాన్సర్‌కి దారితీస్తాయి. రెండేళ్ళ పిల్లవాడికి లుకేమియా వస్తే ఎవరి పాపం లెక్క కడతారు?

ఆ లెక్క ఇంటి మీద పడితే కుటుంబం మొత్తం నలిగిపోతుంది. కూతురికి సంబంధం చూస్తున్న తల్లి తన ఆపరేషన్ మచ్చని మాత్రమే కాదు, మాత్రల డబ్బా కూడా దాచుకుంటుంది. కొన్ని ఇళ్ళలో కంచం, గ్లాసు వేరు చేస్తారు. క్యాన్సర్ అంటువ్యాధి కాదని తెలిసినవాళ్ళూ ఆ పని చేస్తారు. పేరంటానికి పిలుపు రాదు. ‘ఆయనకి చెప్పకండి డాక్టరుగారూ’ అని భార్యా పిల్లలూ బతిమాలుతారు. ఆయనకి తెలుసు, వాళ్ళు బాధపడతారని ఆయనా తెలియనట్టే ఉంటాడు. ఒకరినొకరు కాపాడుకోబోయి ఎవరికి వాళ్ళు ఒంటరిగా ఏడుస్తారు. ఇందులో జబ్బు తెచ్చిన బాధ కొంతే. మిగతాది సిగ్గు తెచ్చింది, ఆ సిగ్గుని నేర్పింది మనమే.

కాశీపూర్‌లో జరిగింది దీనికి పూర్తిగా వేరు. పరమహంస మింగగలిగే పథ్యం వండేది ఆయన భార్య శారదాదేవి. శిష్యుడు నరేంద్రుడూ మిగతా కుర్రాళ్ళూ వంతులు వేసుకుని రాత్రింబవళ్ళు కాపలా ఉండి సేవ చేశారు. తోట ఇంటి అద్దె సురేంద్రనాథ్ మిత్ర కట్టాడు. వైద్యానికి మహేంద్రలాల్ సర్కార్ వంటి డాక్టర్లు వచ్చారు. వంట, తోడు, డబ్బు, మందు: ఈ రోజుకీ క్యాన్సర్ ఉన్న ఇంటికి కావలసినవి ఇవే. గురువుగారికి ఈ జబ్బు ఎందుకు వచ్చిందన్న చర్చ ఆ ఇంట్లోనూ నడిచింది. చర్చ చేసేవాళ్ళు చేశారు, రాత్రి మేలుకోవలసినవాళ్ళు మేలుకున్నారు. ఆ మంచం చుట్టూ కలిసిన కుర్రాళ్ళే తర్వాత రామకృష్ణ సంఘం అయ్యారు.

ఆ కథలో తెలుగువాళ్ళకి ఒక వాటా ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సన్యాసం పుచ్చుకోవాలని మద్రాసు రామకృష్ణ మఠం తలుపు తట్టాడు. తల్లి ఒప్పుకోలేదు. మఠం వాళ్ళు వైద్యం చదవమన్నారు. చదివాడు, అమెరికా వెళ్ళాడు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ని బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకి ఇచ్చాడు. పదహారుమందిలో పదిమందికి జబ్బు కొన్నాళ్ళు తగ్గుముఖం పట్టిందని 1948లో ప్రకటించాడు. ఆ ఏడు ఆగస్టులోనే సుబ్బారావు చనిపోయాడు. అదే కోవలో వచ్చిన మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ పిల్లల వార్డుల్లో వాడుతున్నారు. ఆ పిల్లల పాపమేమిటని సుబ్బారావు ప్రయోగశాల అడగలేదు. వాళ్ళ కణాలకి ఫోలిక్ ఆమ్లం ఎలా అందకుండా చెయ్యాలని అడిగింది.

మతసంస్థలు ఈ పనిలోకి రాలేదని కాదు. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం ఇచ్చిన స్థలంలో టాటా ట్రస్టులు కట్టిన క్యాన్సర్ ఆసుపత్రి 2022లో మొదలైంది. అయితే ఆసుపత్రి పని అయ్యాక మొదలయ్యే ఇరవై, ముప్పై ఏళ్ళ బతుకుకి ఊళ్ళోని గుడి, చర్చి, మసీదు కావాలి. పురాణం చెప్పే పెద్దలు, పాస్టర్లు, ఇమాములు ఏడాదికి ఒక్కసారైనా వేదిక మీద నుంచి ఈ జబ్బు పాపఫలం కాదని చెప్పాలి. రమణుల చేతి కణితి గురించి చెప్పినా చాలు. అన్నదానం చేసే కమిటీలు కీమోకి పట్నం వెళ్ళే మనిషికి, అతనికి తోడు వెళ్ళి కూలి పోగొట్టుకునే ఇల్లాలికి బస్సు ఖర్చు ఇవ్వగలవు.

ఇక చదివేవారికి ఒక మనవి. మీ వీధిలో అలాంటి ఇల్లు ఉంటే వెళ్ళండి. ఎందుకొచ్చిందని అడగొద్దు, ఫలానావాళ్ళు పోయారని చెప్పొద్దు. చెకప్ ఎప్పుడో కనుక్కుని, ఆ రోజు తోడు వస్తామని చెప్పండి. రోగిని చూసుకుంటున్నవాళ్ళని ఒక పూట పడుకోమని, ఆ పూట మీరు కూర్చోండి. పేరంటం ఉంటే ఆవిడని ముందు పిలవండి.