భరతుని లేడికూన, చేనిలోని కుందేటికూన

శ్రీమద్భాగవత పంచమస్కంధమునందలి భరతోపాఖ్యానము మన వైష్ణవ గృహములకు చిరపరిచితము. రాజ్యమును కుమారుల కప్పగించి గండకీతీరమున పులహాశ్రమమందు హరిసేవలో నున్న భరతుడు, సింహగర్జనకు బెదరి నది దాటబోయిన చూలాలగు లేడి గర్భము జారి మరణింపగా, ఏటిలో కొట్టుకొనిపోవు కూనను తెచ్చి పెంచెను. తుదకు దానినే తలచుచు దేహము విడిచి లేడియై జన్మించెను. ఈ కథను ప్రమాణముగా చూపి, తల్లిలేని పసికూనను చేరదీయుట ముముక్షువునకు తగదని చెప్పు పెద్దలు కొందరు కలరు. ఆ మాట నాకు సమ్మతము కాదు.

కథను నిదానముగ చదివినచో, కూనను నీటినుండి తీసిన ఘట్టము రెండు మాటలలో ముగియును. విస్తరముగా వర్ణింపబడినవి ఆ తరువాతి దినములు. భరతుని నియమములు ఒక్కొక్కటిగా జారిపోయెను. అర్చన నడుమ లేచి కూనను చూచుకొనును, దానిని భుజముపై మోయును, కనబడకున్న విలపించును. కనుక విచారింపవలసినది దయ తగునా, తగదా యని కాదు. దయ ఏ చోట మమకారముగా మారుచున్నదని.

ఈ విచారణ అడవులలోని తపస్వులకు మాత్రమే కాదు. కోతల కాలమున చేలగట్లపై అడవికుందేటి కూనలు కనబడుచుండును. పల్లెలలో దీనినే చెవులపిల్లి యందురు. కూన ఒంటరిగా, కదలక మెదలక గడ్డిలో పడియుండును. చూచినవారు "అయ్యో, తల్లి విడిచిపోయినది" అని ఇంటికి తెత్తురు. నిజమునకు తల్లి విడువలేదు. ఈ జాతి కూనలు కన్నులు తెరచి, ఒడలినిండ బొచ్చుతో పుట్టును. తల్లి దినమున కొకమారు, ప్రొద్దుగ్రుంకిన పిదప వచ్చి, కొలది నిమిషములు పాలిచ్చి తొలగిపోవును. తన వాసన నక్కలకు దారి చూపకుండుటకే ఆమె దూరముగ నుండును. ఆ దూరమే ఆమె వాత్సల్యము! అట్టి తల్లినుండి బిడ్డను వేరుచేసి, ఇంటిలోని పిల్లలకు చూపవలెనను ముచ్చటకు మనము దయ యని పేరు పెట్టుచున్నాము. తెచ్చినచో ఆలసింపక ఆ చోటనే మరల విడువవలెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము సైతము ఈ జంతువును పట్టి ఉంచుకొనుటను నిషేధించినది. తల్లి చనిపోయినదని నిశ్చయముగ తెలిసినచో కూనను అటవీశాఖవారికి అప్పగింపవలెను.

ఇండ్లలో పెంచు కుందేళ్ళ సంగతి వేరు. వీని కూనలు బొచ్చులేక, కన్నులు తెరవక పుట్టును. సుమారు 10 దినములకు కన్నులు విచ్చును. ఈ తల్లియు దినమున కొకటి రెండు మారులే పాలిచ్చును గనుక, పొట్టలు నిండుగ నున్న కూనలను అనాథలని తలపరాదు. తల్లి నిజముగ మరణించినచో మనకు వెంటనే తోచునది ఆవుపాలు. స్వామికి నివేదించు పాలు దీనికి మాత్రము చాలవు. కుందేటి పాలలో కొవ్వును, మాంసకృత్తులును ఆవుపాలకు సుమారు మూడురెట్లుండును. మేకపాలు గాని, పిల్లికూనలకై అమ్ము పాలపొడి గాని పశువైద్యుని అడిగి వాడుట మేలు. పాలు గోరువెచ్చగ నుండవలెను. కూనను వెల్లకిల పరుండబెట్టక, నిలువుగ పట్టుకొని, సూదిలేని సిరంజితో బొట్టుబొట్టుగ పెదవులకు అందింపవలెను. తొందరపడినచో పాలు ఊపిరితిత్తులలోనికి పోవును, అది ప్రాణాంతకము. పట్టుట ముగిసిన పిదప తడిపిన దూదితో పొట్టక్రింద మెల్లగ తుడిచినగాని పసికూన మూత్రము విడువలేదు. తల్లి నాలుకతో చేయు పని యిది. ఒడలు చల్లబడనీయరాదు.

ఇంత చెప్పినను, పని యంతయు ఉదయమొకమారు, సాయమొకమారు. ఏ గృహస్థుని సంధ్యావందనమునకును, తిరువారాధనకును ఇది అడ్డు రాదు. అడ్డు వచ్చునది తక్కిన ప్రొద్దంతయు దానిని ఒడిలో నుంచుకొనవలెనను మన యాశ. పైగా మాటిమాటికి ముట్టుట కూనకు భయహేతువు. మూడవ వారమునకు అది గడ్డి కొరకనారంభించును. ఆరేడు వారములకు పాలతో పని యుండదు, పాలుపట్టిన చేతితోను ఉండదు. ఆ దినమున పెంచినవారి మనస్సు కొంత చివుక్కుమనుట సహజము.

భరతునకు లేడిజన్మమునను పూర్వస్మృతి తొలగలేదు. కన్నతల్లియగు లేడిని కాలంజరగిరియందే విడిచి, అతడు మరల పులహాశ్రమమునకు వచ్చెను. అచ్చట ఎవరి తోడును కోరక, ఎండుటాకులు మేయుచు, ఆ దేహము రాలు కాలమునకై వేచియుండెను.