పంచు కొట్టిన నంబరు

హుస్సేనీ ఆలంల ఒక ఉస్తాద్ షెడ్డుల మా నాయిన ఇంజన్ పని చేసేటోడు. ఉస్తాదూ నాయినా ఒక్క చాయ్‌ని సగం సగం పంచుకునేటోళ్లు. ఆ షెడ్డుకే ఒక దొర అంబాసిడర్ వచ్చేది, 1960ల నాటి బండి. నాయిన ట్రయల్ తోలాల్నంటే దొర ముందుగాల సీటు మీద పాత పేపర్ పరిచేటోడు. గ్రీజుకా, కులానికా అని నాయిన ఎన్నడూ అడగలే.

2001 ఎండకాలంల నీళ్లు ఎండిపోయి ఆ బండి బ్లాక్ చిట్లింది. కబాడీల ఇంకో అంబాసిడర్ బ్లాక్ దొరికింది. అప్పటికే నలభై థౌ దాకా బోరింగ్ అయిన బ్లాక్ అది. నాయిన నాలుగు సిలిండర్లల్ల లైనర్లు దిగ్గొట్టించి, మళ్లా 73 మిల్లీమీటర్ల బోర్‌కు తెచ్చిండు. డైనమో బ్రాకెట్ బొక్కలు కలువకుంటే కొత్తయి డ్రిల్లు కొట్టి థ్రెడ్లు తీసిండు.

ఇంజన్ మారిస్తే ఆర్టీఏల అనుమతి తీసుకుని ఆర్సీల ఎక్కించుకోవాలె. దొరకు తిరిగే ఓపిక లేదు. "పాత నంబరే కొట్టు" అన్నడు. నాయినకు అక్షరాలు రావు. పన్నెండేండ్ల నేను ఆర్సీ బుక్కు పట్టుకుని ఒక్కొక్కటి చదువుతుంటే, కబాడీ బ్లాక్ నంబరు రుద్దేసి నాయిన పంచులు కొట్టిండు. నా చదువు ఇంటికి అక్కరకొచ్చిన మొదటి పని అదే. నాకు మస్తు గర్వంగుండె.

ఇప్పుడు సర్కారు బడిల పిల్లలకు నిజం చెప్పాలని పాఠం చెప్తున్న. నౌకరీ వచ్చినంక ఒక కొత్త కాలనీల ఇల్లు కిరాయికి అడిగితే "ఏమోళ్లు మీరు?" అన్నరు. వేరే కులం పేరు చెప్పి తాళంచెవి తీసుకున్న. పెద్దకూర వండిన నాడు కిటికీలు మూస్తం. దొర తిరగలేక నంబరు కొట్టిచ్చిండు, నేను ఇల్లు దొరకక కొట్టుకున్న, రెండూ ఒక్కటి కాదని రాత్రుళ్లు నాతోని నేనే వాదించుకుంట. మా బిడ్డ "మనమేమోళ్లం నాయినా?" అన్న నాడు మాత్రం ఆ వాదం అక్కరకు రాలే.

2021ల కేంద్రం వింటేజ్ బండ్లకు రూల్స్ తెచ్చింది. యాభై ఏండ్లు దాటాలె, అసలు రూపంల ఉండాలె, చాసీల గాని, బాడీల గాని, ఇంజన్ల గాని మార్పు జరగొద్దు. (అసలు, కల్తీ అనే మాటలు మనుషుల గురించి మేం ఎప్పుడో ఇన్నం.) షెడ్డుకు దగ్గరే, చౌమహల్లాల, నిజాం రోల్స్ రాయిస్ ఉంది, 1912 నాటిది. కొన్ని వందల మైళ్లే తిరిగిందట, మిలమిలా మెరుస్తది. నడవని బండికి బ్లాక్ ఎందుకు పగుల్తది?

ఆ రిజిస్ట్రేషన్ కోసం దొర కొడుకు నాయినను ఎతుక్కుంట వచ్చిండు. ఇంజన్ అసలుదే అని పాత మేస్త్రీ రాసిస్తే చాలన్నడు. నాయిన కాయితం నా చేతికిచ్చి "ఏం రాయాల్నో చెప్పు సారూ" అన్నడు. ఎగతాళికి నన్ను సారూ అంటడు. నాకు నోరు పెగలలే.

కడకు తనే చెప్పిండు. "ఉన్నది రాయి. బ్లాక్ మార్చినం. నాలుగు లైనర్లు ఎక్కిచ్చినం. నంబరు నేనే కొట్టిన, నా కొడుకు చదివిండు. కింద నా పేరు రాయి, ఇంటిపేరుతోని, కులంతోని."

రాసిన. నాయిన వేలిముద్ర వేసిండు. దొర కొడుకు నిలబడే చదివి, కాయితం అక్కడ్నే వదిలి పోయిండు.

దాన్ని ఫ్రేము కట్టిచ్చి గోడకు పెట్టుమంటున్నడు నాయిన. ఇంటోళ్లు నెలకోసారి కిరాయికని లోపలికొస్తరు.